నిండు ట్యాంకు పరీక్ష

"లీటరుకు మూడు పాయింట్ ఏడు కిలోమీటర్లు. మిగతా లారీలన్నీ నాలుగు ఇస్తున్నాయి. నీ బండి డీజిల్ ఎక్కడికి పోతోంది?"

షెడ్డులో అందరూ వింటుండగానే అడిగింది ఓనరు కూతురు. ఆఫీసు నడిపేది ఆమే.

డ్రైవరు లారీ దిగలేదు. "తాగేస్తున్నాను మేడం. టీలో కలుపుకుని."

ఎవరూ నవ్వలేదు. డీజిల్ దొంగ అని పేరు పడ్డవాడికి మళ్లీ ఎవరూ లారీ తాళాలు ఇవ్వరు.

"నిజం తేలాలి," అందామె.

"మీరే తేల్చండి. నేను కొలిస్తే నమ్మరుగా."

బంకులో ట్యాంకు మూతిదాకా నింపించింది. నురగ దిగేదాకా ఆగి మళ్లీ పోయించింది. బంకు కప్పు కింద, చక్రాల దగ్గర సుద్దతో గీత గీసింది. తిరిగొచ్చాక అక్కడే నిలిపి నింపాలి. నేల వాలు మారితే ట్యాంకు అబద్ధం చెబుతుంది.

"డాక్టరు కూడా మందు ఇంత జాగ్రత్తగా పోయడు," అన్నాడతను.

"డాక్టరు దగ్గర దొంగలుండరు."

తోడు బయల్దేరిన ఓనరు లారీలో ఇద్దరి మధ్యా కూర్చున్నాడు. ఊరు దాటకముందే గురక పెట్టాడు.

వాన మొదలైంది. ఆమె అద్దం దించి రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు లెక్కపెడుతోంది.

"తడిసిపోతున్నారు. మీటరుందిగా?"

"నేను దేన్నీ ఊరికే నమ్మను."

"అది తెలుస్తూనే ఉంది." రాయి కనబడగానే బండి నెమ్మది చేశాడు.

"నెమ్మది చెయ్యకు. మైలేజీ మారుతుంది."

"రాయి మీకు కనబడాలని..."

"నాకు కళ్లున్నాయి."

ఆ కళ్లను అతను అప్పుడే చూశాడు. వెంటనే రోడ్డు చూశాడు.

వందో రాయి దాటింది. ఆమె మీటరు చూసింది. బయల్దేరినప్పటినుంచి తొంభై మూడే తిరిగింది. ముఖం పాలిపోయింది.

"బండి ఆపు."

దిగి వానలో వెనక టైర్ల పక్కన నిలబడింది. ఈమధ్య ఈ ఒక్క బండికే ఆమె కొన్న టైర్లు. పాతవాటికంటే ఎత్తు. చక్రం తిరిగిన ప్రతిసారీ బండి మునుపటికంటే ఎక్కువ దూరం పోతోంది. మీటరు మాత్రం పాత లెక్కే వేస్తోంది.

"ఈ సంగతి నీకు తెలుసా?"

"తెలిస్తే మీచేత మాట పడేవాణ్ణా?"

తిరిగొచ్చి అదే గీత మీద నిలిపి నింపారు. రాళ్ల లెక్కన లీటరుకు నాలుగు.

షెడ్డులో అందర్నీ పిలిచింది. "ఇక్కడ దొంగ లేడు. టైర్లు కొన్నది నేను, మీటరు సరిచేయించనిది నేను. నింద వేసిందీ నేనే. తప్పు నాది."

తల దించలేదు. తప్పు ఒప్పుకుంటూ అంత నిటారుగా నిలబడ్డ మనిషిని అతనెప్పుడూ చూడలేదు.

"ఇకమీదట ఎవడైనా నిన్ను దొంగంటే వాడి సంగతి నేను చూస్తా," అందామె.

"ఏ వరసన చూస్తారు మేడం?"

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. "అది నాన్ననడుగు."

నేరుగా ఓనరు ముందుకెళ్లాడు. "అయ్యా, మీ అమ్మాయిని నాకివ్వండి."

షెడ్డంతా కొయ్యబారింది. ఓనరు కూతురి వైపు చూశాడు.

"ఇవ్వడానికి అది సామాను కాదురా. వస్తానంటే తీసుకెళ్లు."

"వస్తాను," అందామె, అడక్కముందే.