అట్టముక్క కాపలా

లెక్కల హోంవర్కు మూడో లెక్క దగ్గర ఆగిపోయింది. బొంగరం కుర్చీలోంచి లేచింది. ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక ఇలా లేవడం ఇది తొమ్మిదోసారి.

ఆ అమ్మాయికి పదేళ్లు. ఒక్కచోట నిలవదు కనుక ఇంట్లో బొంగరం అనే పిలుస్తారు. అయితే ఈ నాలుగు రోజులుగా తిరుగుడు మరీ ఎక్కువైంది. కాలు కాలిన పిల్లిలా వంటింట్లోకీ హాల్లోకీ తిరుగుతూనే ఉంది. దీనికంతటికీ కారణం ఫ్రిజ్.

వాళ్ల ఫ్రిజ్ బీరువాలా పక్కపక్కన రెండు తలుపులున్నది. ఎడమ తలుపు తీస్తే ఫ్రీజర్. కుడి తలుపు తీస్తే పాలు, కూరగాయలు, తాతయ్య ఇంజక్షన్ మందు. ఫ్రీజర్ పై బుట్టలో బొంగరం ఆరు పుల్ల ఐస్‌లు దాచుకుంది. పరీక్షలయ్యాక స్నేహితురాలితో కలిసి తినాలని వాటి జోలికి పోలేదు. మంగళవారం చూస్తే ఆరూ ఉన్నాయి. బుధవారం చూస్తే నాలుగే ఉన్నాయి.

అమ్మకి చల్లటివి పడవు. ఇక మిగిలింది తాతయ్య. ఆయనకి షుగరు. తీపి తినకూడదు కాబట్టి దొంగచాటుగానే తినాలి. స్కూల్లో ఏ లెక్కా బొంగరానికి ఇంత త్వరగా తేలలేదు.

వెంటనే చెప్పుల డబ్బా అట్ట కత్తిరించి, మడిచి, ఫ్రీజర్ తలుపు కింది మూల రబ్బరు దగ్గర ఇరికించింది. ఎవరు తలుపు తీసినా అట్టముక్క కింద పడుతుంది. పడినప్పుడల్లా చిన్న నోటుపుస్తకంలో టైమూ, ఫ్రిజ్ దగ్గర తను గమనించిందీ రాసి, మళ్లీ ఇరికించేది. పలచగా ఉంటే జారిపోతోందని మడతలు పెంచింది. "ఈ అట్టముక్కలు రోజూ ఎక్కడి నుంచి వస్తున్నాయే?" అని అమ్మ ఊడుస్తూ రెండుసార్లు అడిగింది కూడా. బొంగరం తెలియదంది.

ఇప్పుడు వెళ్లి చూస్తే అట్టముక్క పెట్టినచోటే ఉంది. దొంగ ఇంకా రాలేదు. బొంగరం నిరాశగా వెనక్కి తిరిగింది.

అప్పుడే అమ్మ టీ కోసం పెట్టిన పాలు విరిగిపోయాయి.

"పొద్దున కొన్న పాలేగా," అంటూ అమ్మ కుడి తలుపు తీసి లోపల చెయ్యి పెట్టింది. "అయ్యో, చల్లదనమే లేదు. నాన్నా, నీ మందు కూడా ఇందులోనే ఉంది."

తాతయ్య హాల్లోంచి వచ్చాడు. పాత సీసా ఆ పొద్దున్నే అయిపోయింది. సాయంత్రం భోజనానికి ముందు కొత్త సీసా తీయాలి. ఆ కొత్త సీసాలు మూడూ గోరువెచ్చగా ఉన్నాయి.

అమ్మ వీధి చివర షాపులోని ఫ్రిజ్ మెకానిక్‌కి ఫోన్ చేసింది. ఈలోగా బొంగరం మెల్లగా అట్టముక్క లాగి జేబులో కుక్కుకుంది. ఎందుకు కుక్కుకుందో తనకే సరిగా తెలియదు.

మెకానిక్ సంచి భుజాన వేసుకుని వచ్చింది. మాట తక్కువ మనిషి. పుల్ల ఐస్‌లూ మిగతా సామానూ బయట పెట్టించి, ఫ్రీజర్ లోపల వెనక పలక ఊడదీసింది. పలక వెనక తెల్లగా మంచు పేరుకుపోయి ఉంది.

"చల్లగాలి పుట్టేది ఇక్కడ," అంది ఆమె. "ఇక్కడి నుంచి ఈ కన్నంలోంచి కుడివైపుకి పోవాలి. మంచు దారి మూసేసింది. అందుకే ఈ పక్క గడ్డకట్టినా ఆ పక్క వేడెక్కింది."

"మంచు ఇంతెలా పట్టింది అక్కా?" అన్నాడు తాతయ్య. మెకానిక్ ఆయన కంటే నలభై ఏళ్లు చిన్నది. ఆయనకి పనివచ్చిన వాళ్లందరూ అక్కలూ అన్నలూనే.

"బయటి తేమగాలి లోపలికి దూరుతోందండీ." మెకానిక్ జేబులోంచి ఒక కాగితం ముక్క తీసింది. దాన్ని తలుపు సందులో పెట్టి తలుపు మూసి లాగింది. పైన రాలేదు. మధ్యలో రాలేదు. కింది మూల మాత్రం వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు వచ్చేసింది. ఆమె అక్కడ వంగి చూసింది. "రబ్బరు నొక్కుకుపోయింది. ఇక్కడ ఎవరైనా ఏమైనా ఇరికించారా?"

"మేమెందుకు ఇరికిస్తామమ్మా," అంది అమ్మ.

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు బొంగరం చెయ్యి జేబు మీదికి పోయింది. ఎవరూ చూడలేదు. ఒక కాలి మీద నిలబడింది, ఇంకో కాలి మీద నిలబడింది, కిటికీ దాకా వెళ్లి వచ్చింది.

అమ్మ మందుల షాపాయనకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"కొత్త సీసాలు నా దగ్గర లేవమ్మా, రావడానికి రెండు రోజులు పడుతుంది," అన్నాడాయన. "ఉన్నవి వాడొచ్చా లేదా అంటే, ఎప్పటి నుంచి చల్లదనం పోయిందో తెలియాలి. నాలుగైదు రోజులైతే పారేయండి. నిన్నటి నుంచే అయితే డాక్టరు గారిని అడుగుదాం."

"ఎప్పటి నుంచో ఎవరు చూశారండీ," అంది అమ్మ. తాతయ్య నవ్వుతూ, "ఒక్క పూటకి ఏమీ కాదులేవే," అన్నాడు. ఆ నవ్వు కళ్ల దాకా రాలేదు.

ఎప్పటి నుంచో చూసిన మనిషి ఆ గదిలో ఒకరున్నారు. టైముతో సహా రాసిన పుస్తకం ఆమె బడిసంచీలో ఉంది. అది బయటికి తీస్తే మందు సంగతి తేలిపోతుంది. అందులో ఇంకేం రాసుందో కూడా తాతయ్యకి తెలిసిపోతుంది.

బొంగరం పరుగెత్తుకెళ్లి పుస్తకం తెచ్చి తాతయ్య చేతిలో పెట్టింది. జేబులోని అట్టముక్క మెకానిక్ చేతిలో పెట్టింది.

"నేనే ఇరికించాను," అంది నేల చూస్తూ.

తాతయ్య కళ్లజోడు సర్దుకుని పైకి చదివాడు. "ఐస్‌ల దొంగతనం కేసు. ప్రధాన నిందితుడు, తాతయ్య." ఆయన పేజీ తిప్పాడు. "శుక్రవారం, సాయంత్రం ఐదు గంటలు. తాతయ్య మూతి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చాడు. " ఆయన తలెత్తి బొంగరాన్ని చూశాడు. "అది మంచినీళ్లు తాగి వచ్చానే తల్లీ." ఇంకో పేజీ తిప్పాడు. "శనివారం పొద్దున ఏడున్నర. పాలు చల్లగా ఉన్నాయి, పళ్లు జివ్వుమన్నాయి. శనివారం సాయంత్రం ఐదు. నీళ్ల సీసా చల్లగా లేదు. తాతయ్య తలుపు సరిగా వేయలేదు కాబోలు."

"శనివారం పొద్దున చల్లగానే ఉందన్నమాట," అన్నాడు ఫోన్లో మందుల షాపాయన. "ఎవరు రాశారో గానీ మంచిపని చేశారు. ఉండండి, డాక్టరు గారిని అడిగి చెబుతాను."

ఆ పది నిమిషాలూ బొంగరం జీవితంలోకెల్లా పొడుగైనవి. ఈసారి మాత్రం ఎటూ కదలలేదు. తాతయ్య కుర్చీ పక్కనే నిలబడింది. తిరిగి ఫోన్ మోగింది. వాడొచ్చు, సీసాల మీద తేదీ రాసుకుని ముందు ఇవే వాడేయమన్నారని చెప్పాడాయన. అమ్మ ఊపిరి పీల్చుకుని స్టూలు మీద కూలబడింది.

మెకానిక్ ఫ్రీజర్ కింది సొరుగు మొత్తం బయటికి లాగింది. వెనకాల, మంచులో అతుక్కుపోయి, రెండు పుల్ల ఐస్‌లున్నాయి.

"పై బుట్టలో ఎక్కువ కుక్కితే వెనక్కి జారిపడతాయి," అంది ఆమె.

బొంగరం ముఖం ఎర్రబడింది. ఏడుపు ఆపుకోవాలని చూసింది గానీ ఆగలేదు. "నువ్వే తినేశావనుకున్నాను తాతయ్యా."

"నన్ను అడగొచ్చు కదే," అన్నాడు తాతయ్య. కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన ముఖంలో కోపం లేదు, చిన్నబోవడం ఉంది.

మంచు కరగడానికి సాయంత్రం దాకా తలుపులు తెరిచే ఉంచారు. పుల్ల ఐస్‌లు పక్కింటి ఫ్రీజర్లోకి వెళ్లాయి. బొంగరం వేడినీళ్లలో ముంచిన గుడ్డ రబ్బరు మూలన అదిమిపెట్టి, నొక్కు సర్దుకునేదాకా కూర్చుంది. చల్లారితే మళ్లీ ముంచింది. నేల మీది నీళ్లన్నీ తనే తుడిచింది. హోంవర్కులో మూడో లెక్క ఆ రోజుకి అలాగే ఉండిపోయింది.

మర్నాడు స్కూలు నుంచి రాగానే ఫ్రీజర్ తెరిచింది. పక్కింటి నుంచి తిరిగొచ్చిన ఐస్‌లు లెక్కపెట్టింది. ఐదు. మళ్లీ లెక్కపెట్టింది. ఐదే.

చెయ్యి బడిసంచీ దాకా వెళ్లి ఆగింది. హాల్లోకి నడిచింది.

"తాతయ్యా, ఒక ఐస్ తగ్గింది. నీకేమైనా తెలుసా?"

తాతయ్య పేపరు దించాడు. "తెలుసు. రబ్బరు ఎలా ఉందో చూద్దామని పొద్దున మెకానిక్ వచ్చింది. ఎండలో వచ్చింది పాపం, ఒకటి ఇచ్చాను. నీతో చెబుదామంటే నువ్వు స్కూల్లో ఉన్నావు."

"ఏది ఇచ్చావు?"

"ఎర్రది."

ఎర్రదంటే బొంగరానికి ప్రాణం. ఒక్క క్షణం మూతి ముడుచుకుంది.

"మంచిపని చేశావులే," అని, వంటింట్లోకి వెళ్లి ఫ్రీజర్ తలుపు మూసింది. కింద కూర్చుని మూల రబ్బరుని వేలితో తడిమి చూసింది. ఎక్కడా సందు లేదు.