అమ్మకానికి లేని చందమామ

బొరుగుల ఉగ్గానిలోకి ఉల్లిగడ్డ తరిగినందుకు ఆ ఇంట్లో పొద్దున్నే గొడవ మొదలైంది.

"ఏకాదశి పొద్దు ఉల్లిగడ్డ కోస్తాండావేంది అమ్మీ?" అంది భాగ్యలక్ష్మి వంటింటి గడపలో నిలబడి.

"ఏకాదశి రేపు గదా అత్తా" అంది మాధవి కత్తిపీట మీద నుంచి తలెత్తకుండానే.

"రేపు ద్వాదశి. గోడకు క్యాలెండరు యాల తగిలించినట్టు? నేను ఉపాసం ఉంటే ఇల్లంతా ఉల్లిగడ్డ కంపు కొట్టల్నా?"

మాధవి క్యాలెండరు వైపు చూసింది. అత్త చెప్పిందే నిజం. బొరుగులు అప్పటికే నానబెట్టి, నీళ్లు పిండేసి సిద్ధంగా ఉన్నాయి. తరిగిన ముక్కల్ని గిన్నెలోకి తోసి మూతపెట్టి, "సరేలే, ఉత్త పచ్చిమిరపకాయలతో చేస్తా" అంది. అక్కడితో అయిపోవాల్సిన మాటే. కానీ భాగ్యలక్ష్మి కళ్లు కోడలి ఎడమ చేతి మీద పడ్డాయి.

"అయినా చేతికి చందమామను కట్టుకొని తిరుగుతాండావు. తిథి అదన్నా చెప్పలేదా నీకు?"

ఆ వాచీ ఇంటికి వచ్చి వారమైంది. ముదురు నీలం డయలు, దాని మీద ఇసుక చల్లినట్టు సన్నటి బంగారు చుక్కలు. ఆరు అంకె ఉండాల్సిన చోట చిన్న కిటికీ. ఆ కిటికీలో బంగారు చందమామ పక్షం రోజులు పెరిగి పక్షం రోజులు తరుగుతాడు. స్విట్జర్లాండులో చేసింది, కొత్తది కాదు. ఇంతకుముందు ఇంకెవరి చేతికో ఉన్నది. అంచు మీద ఒక గీత కూడా ఉంది. బెంగళూరులో పాత వాచీలు అమ్మే దుకాణంలో ఉన్నదాన్ని ఫోనులో చూసి మనసు పడింది మాధవి. ఇడుపులపాయలో ఇంజనీరింగు చదివే కూతురు శిల్ప ఆ దుకాణం వాళ్లతో వీడియోలో మాట్లాడి, పెట్టె, కాగితాలు, లోపలి మిషను అన్నీ చూపించమని వాళ్ల ప్రాణం తీసి, చివరికి సరేనంది. పులివెందులలో మాధవి నాన్న కొట్టు అమ్మినప్పుడు తమ్ముడు ప్రవీణ్ తెచ్చి చేతిలో పెట్టిన డబ్బు దానికి సరిపోయింది.

భాగ్యలక్ష్మి కోడలి మణికట్టు పట్టుకొని కళ్లజోడు సర్దుకుంది. "యాడుండాడు చందమామ? అంతా చీకటే. శుద్ధ ఏకాదశి పొద్దు నీ వాచీలో అమావాస్య. అమావాస్యను చేతికి కట్టుకొని పెండ్లికి పోతావా?"

"దాన్ని సరిచెయ్యల్ల అత్తా. పక్కన చిన్న రంధ్రం ఉండాది, పుల్లతో నొక్కాలంట. నాకింకా కుదర్లే."

"ఎవురు కట్టుకున్న వాచీనో. ఉండారో, పోయినారో."

"మన కొట్లో దినమూ కొంటాం గదా పాత బంగారం? అది ఎవరి మెడలోదని అడుగుతామా?"

"అది కరిగిస్తాం అమ్మీ" అంది భాగ్యలక్ష్మి. "నిప్పులో పడినాక దేనికీ పాత మనిషి ఉండడు. దీన్ని కరిగిస్తావా?"

స్నానం చేసి తువ్వాలు భుజాన వేసుకొని వచ్చిన మాధవి భర్త రాఘవేంద్రప్రసాద్ ఇద్దరినీ చూసి నవ్వాడు. ప్రొద్దుటూరు బంగారు బజారులో మూడు తరాల కొట్టు ఆయనది. మనిషి మంచివాడు, చేతికి ఎముక లేదు, మాటకు అలుపు లేదు.

"వాచీ కావాలంటే నన్నడిగితే కొత్తది, బంగారు పట్టీది తెచ్చేవాణ్ణి గదా. ఎవరో వాడి వదిలిపెట్టింది ఎందుకు? రేపు అమ్మాలంటే సగం కూడా రాదు."

"అందుకే కొన్నా" అంది మాధవి మెల్లగా.

అప్పటికే ఆయన ఫోను మోగింది. ఆ మాట ఆయన చెవిన పడలేదు. భాగ్యలక్ష్మి చెవిన మాత్రం పడింది. ఆమె బోసి చేతులు రుద్దుకుంటూ పూజగదిలోకి వెళ్లింది. ఆ చేతులకు ఎప్పుడూ ఉండే మురుగుల్ని, ఆ బంగారు కడియాల్ని, మెరుగు పెట్టిస్తానని కొడుకు కొట్టుకు పట్టుకుపోయి నెల దాటింది.

మధ్యాహ్నం జమ్మలమడుగులో పెళ్లి. బయలుదేరే ముందు రాఘవేంద్రప్రసాద్ ఎర్ర పెట్టె తెరిచి మామిడిపిందెల హారం భార్యకు అందించాడు. "ఇది ఏసుకో. కొంగు దాని మీదికి రానీయొద్దు. జమ్మలమడుగోళ్లు ఈ పనితనం చూసి ఉండరు."

ఆ ఇంట్లో ఇది కొత్త కాదు. పెళ్లయి వచ్చిన మూడో నెలలో అమ్మవారిశాల గుడిలో పూజకు కొత్త నెక్లెసు వేసుకుపోతే, ఎవరో చూసి బాగుందన్నారు. మరుసటి రోజు ఆ నెక్లెసు వాళ్లింటికి పోయింది. దాని బదులు ఇంకా బరువైనది వచ్చింది. అదీ పోయింది. మాధవి మెడ కొట్టుకు రెండో షోకేసు. కొట్లో అద్దం వెనక పెట్టినవి పదిమంది చూస్తే, పెళ్లిలో ఆమె మెడలోవి ఐదొందల మంది చూస్తారు. ఆయన ఏనాడూ తక్కువది ఇవ్వలేదు. పోయినదానికంటే మంచిదే తెచ్చాడు. చుట్టాలు ఆమె అదృష్టం గురించే చెప్పుకునేవాళ్లు. మాధవి కూడా చాలా ఏళ్లు అదే అనుకుంది.

కల్యాణమండపంలో భోజనాల దగ్గర ప్రసూన కనిపించింది. జమ్మలమడుగు పక్కన పల్లెలో పెద్ద రైతు కుటుంబం వాళ్లది. ఆమె కూతురి పెళ్లి నగలన్నీ రాఘవేంద్రప్రసాద్ కొట్లోనే చేయించాలని మాటలు నడుస్తున్నాయి. ఆమె మాధవి పక్కన కూర్చుంది. హారం వైపు ఒక్కసారి చూసి, చూపు కిందికి దించి చెయ్యి పట్టుకుంది.

"ఇదేంది వదినా, వాచీలో ఆకాశం పెట్టినారు? యాడిది?"

మాధవి ముఖం వెలిగింది. వారం నుంచి ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. చుక్కల గురించి, కిటికీ గురించి, చందమామ నెలంతా ఎలా తిరుగుతాడో చెప్పింది. ప్రసూన నోరు తెరుచుకొని విని, ఎదురు వరుసలో రసం పోసుకుంటున్న రాఘవేంద్రప్రసాద్‌ను పిలిచింది.

"అన్నా, హారం సంగతి తర్వాత. ఈ వాచీ నాకు కావల్ల."

ఆయన తలెత్తి కూడా చూడలేదు. "తీసుకోమ్మా, దాందేముంది. మాధవీ, తీసియ్యి, ప్రసూనమ్మ పెట్టుకొని చూసుకుంటుంది."

అప్పుడు జరిగింది మాధవి తర్వాత చాలాసేపు మరిచిపోలేకపోయింది. ఆయన మాట పూర్తయ్యేలోపే ఆమె కుడిచెయ్యి దానంతటదే ఎడమ మణికట్టు మీదికి వెళ్లింది. వేళ్లు పట్టీ కొక్కెం సగం తీసేశాయి కూడా. ఇన్నేళ్ల అలవాటు. ఇయ్యి అంటే తీసివ్వడం వేళ్లకు తెలుసు, మనసును అడిగే పని లేదు.

సగం ఊడిన పట్టీని అలాగే అదిమి పట్టుకుంది. "ఇది అమ్మేది కాదు ప్రసూనా."

"ఊరికే అంటాంది లేమ్మా" అని నవ్వాడు ఆయన. "రేపు పెట్టెలో పెట్టి పంపిస్తా."

"ఊరికే అనలేదు" అంది మాధవి. గొంతు పెంచలేదు. అయినా వడ్డించేవాడు గరిటె పట్టుకొని ఒక క్షణం ఆగాడు.

పెళ్లి భోజనాలు ముగించుకొని ప్రొద్దుటూరు వచ్చేశారు. ఇల్లు చేరాక, చెప్పులు విడుస్తూనే అన్నాడు రాఘవేంద్రప్రసాద్. "అంతమందిలో నా మాట తీసేసినావు. ఆమె బేరం యాడికన్నా పోతే?"

సెలవుకు వచ్చిన శిల్ప సోఫాలోంచి లేచి కూర్చుంది. భాగ్యలక్ష్మి వరండాలో పూలు కడుతోంది.

"మీ మాట తీసేయాలని కాదు" అంది మాధవి. "ఒక్కటి అడుగుతా, చెప్పండి. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నా ఒంటి మీదికి వచ్చి, నా ఒంటి మీదనే నిలిచింది ఒక్కటి చూపించండి."

"ఏంది ఆ మాట? తాళి లేదా?"

"తాళి ఉండాది. గొలుసు మూడుసార్లు మారింది."

శిల్ప నవ్వు ఆపుకోలేక నోటికి దిండు అడ్డం పెట్టుకుంది. రాఘవేంద్రప్రసాద్ కూతురి వైపు కోపంగా చూడబోయి, తనకే నవ్వు వస్తుందేమోనని ముఖం తిప్పుకున్నాడు.

"మార్చి మార్చి మంచివే ఇచ్చినా గదా. ఏది తక్కువ చేసినా నీకు?"

"ఏదీ తక్కువ చేయలేదు. నేను ఏనాడన్నా అడిగినానా? కానీ నాది అనుకునేలోపల పోతాది. అందుకే ఎవురూ అడగరని గీతలు పడింది, వాడింది కొనుక్కున్నా. మన కొట్లో అమ్మనిది, కరిగించేదానికి లేనిది. మా నాయన కొట్టు దుడ్లతో. దాన్ని కూడా తీసియ్యమంటిరి." ఆమె పట్టీ కొక్కెం తడిమి చూసుకుంది. "తియ్యబోయినా కూడా. అదే నాకు బాధ."

ఆయన అలవాటుగా తల్లి వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పు మా. పొద్దున నువ్వే గదా ఆ వాచీ వద్దన్నావు?"

భాగ్యలక్ష్మి పూలదండ ముడివేసి తుంచింది. "ఉపాసం మీద ఉండా. ఉపాసం మీద కోపం తెచ్చుకోకూడదు. రేపు పారణ అయినాక మాట్లాడతా" అని లోపలికి వెళ్లింది. ఆ కోపం ఎవరి మీదో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. మాధవికైతే తన మీదే అనిపించింది.

మరుసటి రోజు ద్వాదశి. మాధవి తలస్నానం చేసి, పప్పు, గుమ్మడికాయ పులుసు, పరమాన్నం చేసింది. మామూలుగా భోజనం కొట్టుకే తెప్పించుకునే రాఘవేంద్రప్రసాద్ ఆ రోజు ఇంటికే వచ్చాడు. నలుగురూ కూర్చున్నాక భాగ్యలక్ష్మి తులసి తీర్థం తీసుకొని, మొదటి ముద్ద తినకుండానే చెయ్యి చాపింది.

"వాచీ ఇట్లా ఇయ్యి అమ్మీ."

మాధవి అత్త ముఖంలోకి చూసి, తీసి ఇచ్చింది.

"పుల్ల?"

శిల్ప పరుగున పోయి పెట్టెలోంచి సన్నటి పుల్ల తెచ్చింది. భాగ్యలక్ష్మి కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, పక్కనున్న చిన్న రంధ్రం వెతికి నొక్కింది. కిటికీలో చీకటి కదిలి గోటి అంచంత బంగారం కనబడింది.

"పాడ్యమి" అంది.

మళ్లీ నొక్కింది. "విదియ. తదియ." ఒక్కో నొక్కుకు చందమామ కొంచెం కొంచెం బయటికి వచ్చాడు. చవితికి శిల్ప, పంచమికి మాధవి దగ్గరికి జరిగి వంగి చూశారు. అష్టమి దగ్గర రాఘవేంద్రప్రసాద్ కూడా విస్తరి మీదుగా మెడ చాచాడు. "అంతా దాటించేవు మా, మెల్లగా."

"నాకు నేర్పిస్తాండావా తిథులు?" అంది ఆమె. "దశమి. ఏకాదశి. ద్వాదశి. ఇంక చాలు. ఇంకో మూడు దినాలకు నిండుతాడు." కొంగుతో అద్దం తుడిచి, కోడలి చేతికి తనే కట్టింది. "ఎవురి చేతిదైనా కానీ. ఇంక మన ఇంటి తిథి పట్టుకున్నాడు."

మాధవి పరమాన్నం వడ్డించే మిషతో లేవబోతే రాఘవేంద్రప్రసాద్ ఆపాడు.

"పొద్దున ప్రసూనమ్మకు ఫోన్ చేసినా" అన్నాడు, విస్తరిలో అన్నం కెలుకుతూ. "వాచీ మాధవిది, ఇయ్యలేనని చెప్పినా. ఆయమ్మ నవ్వి, 'నిన్న వదిన ముఖం చూసినప్పుడే తెలిసింది అన్నా, నాకు ఆ బెంగళూరు దుకాణం నంబరు ఇప్పించు చాలు' అనింది. నగలు మన దగ్గరేనంట." కొంచెం ఆగి భార్య వైపు చూశాడు. "నాకే తెలీలే."

"తెలుసుకునేంతగా నేను ఎప్పుడు చెప్పినా?" అంది మాధవి. కళ్లు తుడుచుకుంది కానీ నవ్వుతూనే.

"మీ నాయన కూడా అంతే" అంది భాగ్యలక్ష్మి కొడుకుతో. "నాకు కాసుల పేరు చేయించినాడు. జమ్మలమడుగులోనే, మా చెల్లెలి పెండ్లిలో, పందిట్లోనే మెడలోంచి తీయించి అమ్మినాడు. కొంగు నిండుగా కప్పుకొని ఇంటికొచ్చినా. మళ్లీ నెలకు రెండింతలది తెచ్చినాడు. అది యాడుండాదో నాకు గుర్తు లేదు. ఆ కాసుల పేరు మాత్రం ఒక్కో కాసూ గుర్తుండాది."

శిల్ప మెల్లగా అడిగింది. "మరి నువ్వేమనలేదా జేజీ?"

"అనొచ్చని నాకు తెలీదు. మీ అమ్మ నిన్న అనినాకనే తెలిసింది."

భాగ్యలక్ష్మి పప్పన్నం మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలి మింగి, నీళ్లు తాగి, అప్పుడు చెప్పింది.

"ఇంక ఈపొద్దు నుంచి వినండి. ఈ ఇంట్లో ఆడమనిషి ఒంటి మీద ఉండేదానికి ఎవురు ధర అడిగినా, ముందు ఆమెను అడగల్ల. ఆమె ఊ అంటేనే బేరం. ఊహూ అంటే, అడిగినోళ్లు కలెక్టరు భార్య అయినా సరే, లేదు."

"అట్నే మా" అన్నాడు రాఘవేంద్రప్రసాద్.

"అట్నే అంటే చాల్దు. సాయంత్రం వచ్చేటప్పుడు నా మురుగులు తీసుకురా."

"అవి మెరుగు పెట్టేదానికి..."

"షోకేసులో పైవరసలో, ఎడం పక్క ఉండాయి" అంది భాగ్యలక్ష్మి ప్రశాంతంగా. "మొన్న ఆటోలో పోతా చూసినా. ఇప్పుడు నన్ను అడిగినట్టే అనుకో, ఊహూ అంటాండా. పులుసు ఇట్లా జరుపు."