గుప్పెడు గోధుమలు

పోయినవాళ్ళని తలుచుకునే శనివారం నాడు, గ్రీసు కొండల్లోని ఆ ఊళ్ళో ప్రతి ఇంటి నుంచీ చర్చికి రెండు చీటీలు వెళ్తాయి. ఒకదానిలో బతికున్నవాళ్ళ పేర్లు, రెండోదానిలో చచ్చిపోయినవాళ్ళ పేర్లు. ఆ ఏడు కోడలు వాసో హడావిడిలో తొంభై నాలుగేళ్ళ అత్తగారి పేరు రెండోదానిలో రాసేసింది. ఫాదర్ స్తాథిస్ దాన్ని గట్టిగా చదివేశాడు.

"గరుఫాల్యా."

ముందు వరసలో కూర్చున్న గరుఫాల్యా కర్ర నేలకేసి కొట్టింది. "ఇంకా చావలేదు నాయనా. ఇక్కడే ఉన్నాను."

జనం నవ్వారు. "ఆయుష్షు పెరుగుతుందిలే అవ్వా," అన్నాడు ఫాదర్.

పుండు మీద కారం చల్లినట్టయింది. ఎవరికి కావాలి ఆ ఆయుష్షు? డెబ్బై ఏళ్ళు ఊళ్ళో పోయిన ప్రతి మనిషి పేరునా పంచే గోధుమలు ఉడికించిన చెయ్యి ఆమెది. పేరుకి ఒక గుప్పెడు. కిందటేడు వాసో ఆ గోధుమల గిన్నెని అటక మీదికి విసిరేసి, "మీరు కూర్చోండత్తయ్యా, ఉడికించినవే పట్నంలో డబ్బాల్లో అమ్ముతున్నారు," అంది. అప్పట్నుంచి గరుఫాల్యా గోడవైపు తిరిగి పడుకోవడం తప్ప చేసిందేమీ లేదు. తిండి సయించదు, నిద్ర పట్టదు. ముసలిదానికి అన్నీ అమర్చామంటారు గానీ, పని లాక్కుంటే మనిషిలో ఏం మిగులుతుందని ఒక్కరూ అడగరు.

మధ్యాహ్నానికి మబ్బు కమ్మి వంటిల్లు చీకటయింది. వాసో పెరట్లో ఆరేసిన బట్టలు తీస్తోంది. లోపల గరుఫాల్యా ఒక్కతే. పొయ్యి వెలిగించలేదు. అయినా ఏదో కుతకుతమంటోంది... తడి మట్టి వాసన. దాంతోపాటే, ఉడుకుతున్న గోధుమల వాసన.

పొయ్యి మీద, అటకెక్కించిన ఆ గిన్నె. పక్కన ఆడబిడ్డ కాతీనా. ఆమె పోయి ముప్పై ఏళ్ళు.

"పోయినవాళ్ళలో నీ పేరు చదివారుగా వదినా, అందుకే రాగలిగాను," గుసగుసలాడింది కాతీనా. "డబ్బాలోది మాకు ముట్టడం లేదు. అందరం నీ చేతి ముద్ద కోసమే చూస్తున్నాం."

గరుఫాల్యా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. అయినా, ఏడాదిగా ఎవరూ ఆమెతో అనని మాట అది. దగ్గరికెళ్ళి గరిటె అందుకుంది.

"ఇంకో గుప్పెడు వెయ్యి... కొత్త పేరు వచ్చింది."

"నాదా?"

"నీదైతే నీచేత ఎందుకు వేయిస్తాను?" కాతీనా కిటికీలోంచి పెరట్లోకి చూసింది.

గరుఫాల్యాకి అర్థమైంది. చెయ్యి ఆగింది... మీరు కూర్చోండత్తయ్యా. ఆ మాట చెవిలో గింగురుమంది.

గుప్పెడు నింపింది. వేసేసింది.

తలెత్తేసరికి కాతీనా లేదు. వీధి తలుపు తోసుకుని పక్కింటి మరిగో వచ్చింది, చావింటికి వచ్చినట్టు తలకి నల్లగుడ్డ కట్టుకుని.

"వీధంతా గోధుమల వాసన. ఎవరు పోయారు గరుఫాల్యా?"

బట్టల మూటతో లోపలికొచ్చిన వాసో ఆమెకి ఎదురుగా నిలబడింది. "ఎవరూ పోలేదు పిన్నీ."

వాసో అక్కడ లేనట్టే, మరిగో గరుఫాల్యా వంకే చూస్తూ జవాబు కోసం ఆగింది.

వాసో మళ్ళీ చెప్పింది, ఈసారి కాస్త గట్టిగా.