బెజ్జాలు లేని పూలపెట్టె

“ఇదిగో కొలత. ఇంత పొడుగు చెక్కపెట్టె కావాల. నా రోజాచెట్టు పెట్టుకునేదానికి,” అంటూ లిదియ రెండు ముళ్ళు వేసిన పురికొస ఓబయ్య ఒళ్ళో పడేసింది.

ఆత్మకూరు మిషన్ బడిలో టీచరు లిదియ. ఆమె అడిగితే వడ్రంగి ఓబయ్య ప్రాణమైనా ఇస్తాడని వీధికంతా తెలుసు. ఆమెతో ఆ మాట చెప్పడానికే పాపం నోరు పెగలదు.

“ఎవరింటికి?”

“కాంపౌండరు ప్రేమానందం గారింటికి.”

ఓబయ్య చేతిలో చిత్రిక ఆగిపోయింది. ఉదయగిరి నుంచి మొన్ననే బదిలీ అయి వచ్చాడు ఆ ప్రేమానందం. కొత్త సైకిలు, నూనె కారే క్రాపు, మిషన్ గుడిలో అందరికంటే పైకెత్తి పాడే గొంతు!

“ఆయనింటో నీ చెట్టుకేం పని?”

“నా చెట్టు, నా ఇష్టం. నీకేంది మంట?”

“నాకా? నాకెందుకు మంట!” అంటూ చెక్కను ఎంత కసిగా చిత్రిక పట్టాడంటే, సగం పొట్టుగా రాలిపోయింది.

పూలపెట్టెకు అడుగున బెజ్జాలు పెట్టకపోతే నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి. ఓబయ్యకు తెలీదా? తెలిసే పెట్టలేదు. పైగా సందులకు లక్క కూడా పట్టించాడు. వానాకాలం వచ్చేసింది, చావనీ చెట్టు ఆ కాంపౌండరు వసారాలో!

శనివారం తుంపరలో పెట్టె నెత్తినెత్తుకొని తానే పోయాడు. ప్రేమానందం వసారాలో లిదియ రోజాకుండీ చంకన పెట్టుకొని నిలబడి ఉంది. పక్కన ఆయన ఒకటే నవ్వు. ఓబయ్య పెట్టెను దబ్బున కిందికి దించాడు.

తీరా చూస్తే వసారా గుంజల మధ్య పెట్టె పట్టలేదు. జానెడు పొడుగైంది.

“కొలత తప్పిచ్చినావు!”

“కొలత సరిగ్గానే ఉండాది. ఇల్లే తప్పు,” అంది లిదియ. “ఎత్తుకొని నా ఎంట రా.”

వానలో ముందు ఆమె, వెనక అతను. ఆమె పోయి పోయి ఓబయ్య ఇంటి ముందే ఆగింది. నిరుడు ఓబయ్య తన వసారాకు నాటిన గుంజల మధ్య పెట్టె అచ్చంగా అమరింది. ఊళ్ళో గుమ్మాలన్నీ కంటితోనే కొలిచే మనిషి, సొంత వసారా కొలత గుర్తుపట్టలేదు. కుళ్ళుతో కళ్ళు మూసుకుపోయాయి మరి!

“కొలిచిచ్చింది నేనేరా,” అంది గడపలో కూర్చున్న అతని అవ్వ రాహేలమ్మ. “నీకోసం వాళ్ళ నాయన్ని పిల్లనడిగొచ్చినాను. నా చెట్టుకు చోటు చేస్తేనే వస్తానన్నది ఈ పిల్ల.”

“మరి కాంపౌండరు?”

“ఆయన పేరెత్తితేనన్నా నీ నోట్లోంచి మాట ఊడిపడతాదనుకున్నా. ఆయనకు ముందే చెప్పినా, అందుకే ఆ నవ్వు,” అంటూ లిదియ చెంబెడు నీళ్ళు పెట్టెలో పోసింది. ఒక్క చుక్క కిందికి దిగలేదు. “బెజ్జాలేవి?”

ఓబయ్య తల దించుకున్నాడు. “వాళ్ళింటో చెట్టు చచ్చిపోవాలనుకున్నా.”

“ఎందుకు?”

“నువ్వు ఆడుంటే నేను బతకలేను గనక!”

“అమ్మయ్య, ఊడిపడింది!” అని అవ్వ చేతులు జోడించి దేవుడికి స్తోత్రం చెప్పింది.

లిదియ ముఖం ఎర్రబడింది. నీళ్ళు పారబోసి, పెట్టె బోర్లించి, రెండు చేతులా గట్టిగా అదిమి పట్టుకుంది.

“చూస్తావేంది? పోయి బరమా తే, బెజ్జాలు తొలుద్దాం. మన చెట్టు బతకాల.”