ఒక్క ఫైలూ పోలేదు

"అలా తట్టకండి. లాప్‌టాప్ అది, పుచ్చకాయ కాదు."

మా రిపేరు షాపులో ఆమెతో నా పరిచయం ఈ చీవాట్లతోనే మొదలైంది. చెవి ఆనించి విన్నాను. లోపల హార్డ్ డిస్క్ టక్ టక్ మంటోంది. ఆ చప్పుడు వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే. అదే చెప్పాను.

"నిక్షేపంగా పోనివ్వండి. కొత్తది వేసి ఖాళీగా ఇవ్వండి. లోపలున్నవేవీ నాకక్కర్లేదు," అంది.

లెక్కల టీచరట. స్కూలు వదలగానే రోజూ వచ్చేది.

"ఏం డాక్టర్ గారూ, పేషెంట్ ఎలా ఉంది?"

"పేషెంట్ కంటే చుట్టాల హడావుడి ఎక్కువగా ఉందండీ."

ఒకరోజు వాన పట్టుకుంటే గంటసేపు షాపులోనే కూర్చుంది. పరీక్ష పేపర్లు దిద్దుతూ, నా చేతిలోంచి స్క్రూ జారినప్పుడల్లా ఓరగా చూసి "మైనస్ ఒకటి" అనేది. ఆమె వెళ్ళాక మా బాబాయి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. షాపు ఆయనదే.

"కొత్త డిస్క్ మొన్ననే వచ్చింది కదరా, ఇంకా రాలేదని చెప్పావేం?"

నేను వినబడనట్టు నటించాను.

లాప్‌టాప్ ఇచ్చే రోజున మనసులో మాట చెప్పేద్దామనుకున్నాను. ఉత్త చేతులతో ఎలా చెప్పడం? అక్కడే నా బుద్ధి గడ్డి తింది.

మా పనిలో ఒక అలవాటుంది. 'ఏమీ అక్కర్లేదు' అనే కస్టమర్ని మేం నమ్మం. ఫైళ్ళు ఎలాగూ రావనుకుని పైకి అలా అంటారు, తిరిగొస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఆరేళ్ళుగా చూస్తున్నాను. ఈమె కూడా అంతేననుకున్నాను. ఒక్క మాట అడగొచ్చు. అడిగితే ఇంక సర్‌ప్రైజ్ ఏముంది? మూడు రోజులు ఆ పాత డిస్క్‌ని బతిమాలి, బామాలి, ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి లాగాను. కస్టమర్ ఫైళ్ళు తెరవకూడదన్నది బాబాయి రూలు. తెరవలేదు.

"చూడండి, ఒక్క ఫైలూ పోలేదు," అన్నాను గొప్పగా.

ఆమె నవ్వలేదు. ఒక ఫోల్డర్ తెరిచి క్లిక్ చేసింది. "ఏమోయ్, భోంచేశావా?" అని ఒక మగ గొంతు అడిగింది. ఆమె చటుక్కున మూత మూసి, లాప్‌టాప్‌ని గుండెలకి హత్తుకుని వెళ్ళిపోయింది. నేను చెప్పాలనుకున్నది నోట్లోనే ఉండిపోయింది.

మళ్ళీ పదిహేను రోజులకి వచ్చింది.

"ఆ రికార్డింగులన్నీ విన్నాను. మేం విడిపోయి రెండేళ్ళయింది. ఉండబట్టలేక అతనికి ఫోన్ చేశాను. వచ్చే నెలలో మా పెళ్ళి."

"కంగ్రాట్స్ అండీ," అన్నాను. నవ్వాననే అనుకుంటున్నాను.

ఆమె కౌంటర్ వైపే చూస్తూ మాట్లాడింది. "వాటిని నా చేత్తో తుడిచేయలేకపోయాను. అదంతట అదే పాడైతే పీడ విరగడైందనుకున్నాను. రోజూ ఇక్కడికెందుకు వచ్చాననుకున్నారు? ఖాళీ లాప్‌టాప్ ఇచ్చి, మీరు ఏదో ఒకటి అడుగుతారని. సరేననేదాన్ని."

"ఇప్పుడడిగితే?"

"ఇప్పుడు అతని గొంతు విన్నాను కదండీ," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

బాబాయి లోపల్నించి తల బయటకు పెట్టాడు. "ఏంట్రా, ఆ టీచరమ్మ మళ్ళీ వచ్చింది? ఏమన్నా కంప్లైంటా?"

"లేదు బాబాయ్," అన్నాను. "పని చాలా బాగా చేశానట."