రిజిస్టరులో ఆఖరి గడి

శనివారం పొద్దున్నే దోర్కాస్ పెరట్లో కూర్చుని జీడిపప్పు పొట్టు తీస్తోంది. పక్కన పంతొమ్మిదేళ్ల కూతురు ఇవాంజెలిన్ విరగని గుండ్లు, విరిగిన బద్దలు వేరు చేస్తోంది. ఆ పిల్లకి పుట్టు చెవుడు. పనీ చేతులతోనే, మాటా చేతులతోనే.

తండ్రి వరప్రసాదు పలాసలో వాళ్ల బాప్టిస్టు సంఘానికి సెక్రటరీ. దొరల కాలం నుంచీ బాప్తిస్మాల రిజిస్టరు అక్కడ ఇంగ్లీషులోనే రాస్తారు. ఆ దస్తూరీ అంటే ఆయనకు ఎంత గర్వమో! కూతురి చెవుడుకి మాత్రం మనిషినిబట్టి ఒక మాట. సంబంధాలవాళ్లతో ‘హార్డ్ ఆఫ్ హియరింగ్, అదీ కొంచెమే’. ఆఫీసుల్లో ‘హియరింగ్ ఇంపెయిర్డ్’. ఆదివారం ప్రార్థన పెట్టెలో వేసే చీటీలో ‘డెఫ్ అండ్ డంబ్’. దేవుడికి జాలి కలగాలి కదా మరి!

మర్నాడు అక్కుపల్లి సముద్రంలో బాప్తిస్మాలు. ఆయన రాసిన జాబితాలో ఆరు పేర్లున్నాయి. ఇవాంజెలిన్ కాగితాన్ని వేలితో పొడిచి, గబగబా చేతులు ఆడించింది.

వరప్రసాదు భార్యవైపు తిరిగాడు. “ఏటంతాంది?”

“నా పేరేదని అడుగుతాంది. ఇది మూడో ఏడు. మీ కూతురే కదా, మీరే సెప్పండి.”

“నీళ్లలో దిగేముందు అందరి ముందూ నోటితో సాక్ష్యం సెప్పాల. దీనికి మాట రానీ, నానే దగ్గరుండి బాప్తిస్మం ఇప్పిత్తాను.”

“ఎన్నేళ్లు రాత్తారు ఆ సీటీలు? దేవుడు ఇచ్చినవి ఆ సేతులు. సైగలు సేత్తే మూగదంతారని సిన్నప్పుడు వాటి మీదే కొట్టినారు!” అంది దోర్కాస్.

ఇవాంజెలిన్ జాబితా వెనక ఇంగ్లీషులో రాసింది: ‘ఐ యామ్ డెఫ్’. అంతే. ఇంకో మాట తగిలించలేదు.

“ఇంత మోటుగానా? ఇంపెయిర్డ్ అని రాయొచ్చు కదే!” అంటూ ఆయన దాన్ని కొట్టేశాడు. ఆ పిల్ల ఏడవలేదు. తండ్రి పెదవుల్ని చూసి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

దోర్కాస్ పప్పు చేట అక్కడే వదిలేసి పాస్టరు ఎడ్విన్‌ గారింటికి వెళ్లింది. ఆయన అంతా విని, “సేతులతోనే సెప్పమను. నువ్వు తెలుగులో ఇనిపించు” అన్నారు.

ఆదివారం ఇసుక మీద తెల్లబట్టల్లో ఇవాంజెలిన్ సాక్ష్యం మొదలుపెట్టింది. దోర్కాస్ ఒక్కో మాటే చెబుతూ వచ్చి, మధ్యలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆగిపోయింది. కూతురి చేతులు మాత్రం ఆగలేదు.

“సెక్రటరీగారూ, మీరు సెప్పండి. ఏటంతాంది అమ్మాయి?” అన్నారు పాస్టరు.

సంఘమంతా తిరిగి చూసింది. వరప్రసాదు నోరు తెరిచాడు. పంతొమ్మిదేళ్లలో ఒక్క సైగ నేర్చుకోలేదు.

“నాకు... రాదండి.”

దోర్కాస్ కళ్లు తుడుచుకుంది. “మా నాన్న నా గురించి దేవుడితో రోజూ మాటాడతాడు. నాతో ఒక్కసారీ మాటాడలేదు. దేవుడు నా సేతుల్ని ఇంటాడని నమ్మి దిగుతన్నాను. అదండీ అది సెప్పింది.”

ఇవాంజెలిన్ మునిగి లేచింది. వరప్రసాదు రిజిస్టరు తెరిచి ఏడో పేరు రాశాడు. ‘రిమార్క్స్’ అనే ఆఖరి గడి దగ్గర పెన్ను ఆగింది. తడి బట్టలతో కూతురు వచ్చి పక్కన నిలబడింది. ఆయన ‘డెఫ్’ అని రాశాడు. ఇంకో మాట తగిలించలేదు. దస్తూరీ వంకరపోయింది.

“దోర్కాసూ, తప్పయిపోనాదని ఎలా సెప్పాలో సూపించవా?” అన్నాడు ఏడుస్తూ.

“నన్నడుగుతారేటి? ఎదురుగా ఉంది. దాన్నే అడగండి.”

ఎలా అడగాలో కూడా ఆయనకు తెలియలేదు. రెండు చేతులూ కూతురి ముందు చాపి నిలబడ్డాడు. ఆమె వాటిని చూసింది. ఒకప్పుడు తనను కొట్టిన చేతులే అవి. తర్వాత కుడిచేతిని అందుకుని, వేళ్లు ఒక్కొక్కటే మడిచి చూపించడం మొదలుపెట్టింది.