నలభై సెకన్లు

బురుజు భవనం ఇరవై ఆరో అంతస్తు నడవాలో ఝాన్సీ కాంతిమాపకాన్ని నేల మీద పెట్టి కదలకుండా నిలబడింది. నలభయ్యో సెకనుకు నడవా చీకటైంది. చెయ్యెత్తగానే మళ్లీ వెలిగింది. "నడవా సరిపోయింది" అని చెవిలో పలికే భవన యంత్రం మితికి చెప్పి తరువాతి తలుపు దగ్గరికి నడిచింది.

మూడింటికి, కరెంటు పొదుపుకి మార్కులు వేసే హరితపట్టా బృందం వస్తుంది. బురుజుకి ఇప్పుడున్నవి సరిగ్గా తొంభై మార్కులు. ఒక్కటి తగ్గినా వెయ్యి ఇళ్లకూ చల్లదనం సగానికి కోసేస్తారు. బయట యాభై ఒక్క డిగ్రీలు. ఎండ లోపలికి రాకుండా కిటికీలను పూర్తిగా మూసే ఎండపలకలు బిగించి ఆరేళ్లయింది; పగలైనా లోపల దీపమే వెలుగు. బురుజులో పనిచేసేవాళ్లకు బురుజులోనే గది. పని పోతే గదీ పోతుంది. ఝాన్సీ కిందికి దిగి రోడ్డు చూసి రెండేళ్లు దాటింది.

"ఇరవై ఆరు, పద్నాలుగు. ఖాళీ" అంది మితి, తలుపు తెరుస్తూ.

లోపల అడుగుపెట్టగానే దీపం వెలిగింది. మంచం మీద ఒక ముసలావిడ వెల్లకిలా పడుకుని కప్పు వైపు చూస్తోంది. తలుపు చప్పుడుకి కళ్లు మాత్రం ఇటు తిరిగాయి.

"ఎవులమ్మా?" నోరు ఒకవైపుకి వంకరపోయి మాట ముద్దగా వచ్చింది.

"దీపాల తనిఖీకి వచ్చానండీ. ఇంట్లో ఎవరూ లేరా?"

"కూతురు డూటీకెళ్లింది. సాయంత్రానికొస్తాది. నా పేరు నూకరత్నం. పచ్చవాతం వచ్చి ఏడాదైంది."

ఝాన్సీ తెరపలక తీసి వివరాలు చదవసాగింది. నివాసులు ఇద్దరు. పగటి హాజరు సున్నా. చదువుతుండగానే గది ఆరిపోయింది.

"కదుల్తానే ఉండమ్మా" అంది చీకట్లోంచి నూకరత్నం. "ఆగితే సీకటైపోద్ది."

ఝాన్సీ చెయ్యి ఊపింది. దీపం వచ్చింది. ముసలావిడ కంటి చివర నుంచి చెవి దాకా తడి చార ఉంది. తుడుచుకుందామన్నా ఆవిడకు చెయ్యి లేవదు.

"ఏడాదిగా ఇలాగేనా?"

"పగలంతా. పిల్ల మీ ఆఫీసుకి మూడుసార్లు రాసింది. గది ఖాళీ అని జవాబిచ్చారు."

గోడ మీది చలనపు కన్ను, కదలిక కనిపించకపోతే దీపం ఆర్పడానికి ముందు నాలుగు నిమిషాలు ఆగేది. దాన్ని నలభై సెకన్లకు కుదించింది ఝాన్సీయే. దానికి సభలో చప్పట్లు కొట్టి శాలువా కప్పారు. కొలతలన్నీ నడిచే మనుషులతోనే తీసింది. పడుకున్న మనిషి ఆలోచనలోకే రాలేదు.

జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి కుర్చీ ఎక్కింది. కన్ను ఊడదీసి రెండు తీగలూ నేరుగా కలిపేసింది.

చెవిలో పర్యవేక్షకుడు కృపాకర్ గొంతు పలికింది. "ఝాన్సీ గారూ, పద్నాలుగులో ఆరని దీపం చూపిస్తోంది. ఎనభై తొమ్మిదికి పడిపోయాం!"

"ఇక్కడ మనిషి ఉందండీ. చీకట్లో పడి ఉంది."

"సరే, రేపు చూద్దాం. బృందం లిఫ్టు ఎక్కుతోంది. ముందా కన్ను బిగించండి. మీ గది సంగతి కూడా గుర్తుంచుకోండి."

ఝాన్సీ కిందికి చూస్తే నూకరత్నం తననే చూస్తోంది.

"బిగించను" అంది ఝాన్సీ. తరువాత, ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. "మితీ, నెల రోజులుగా ప్రతి పగలూ కదలిక లేకుండా ఊపిరి మాత్రం ఉన్న గదులు ఎన్ని?"

గదిలో ఊపిరి జాడ తెలిపే గాలి నాణ్యత లెక్కలు మితి దగ్గర ఎప్పుడూ ఉన్నవే. దీపాల లెక్కతో వాటిని కలపమని ఎవరూ చెప్పలేదంతే.

"నలభై ఒకటి" అంది మితి. పలక మీద గది నంబర్లు వరసగా దిగాయి.



"అందులో పద్దెనిమిది, ఏడు ఉందా?" అన్నాడు కృపాకర్. గొంతులో అధికారం లేదు. "మా అమ్మ ఆ గదిలోనే ఉంటుంది. నేను పొద్దున్న ఆరింటికే వచ్చేస్తాను. కదల్లేదు కాబట్టి పడుకుంటుందిలే అనుకున్నాను."

ఝాన్సీ పలక మీద వేలితో వెతికింది.

"ఉందండీ."

అవతల కుర్చీ వెనక్కి తోసిన చప్పుడు, పరుగెత్తుతున్న అడుగులు వినిపించాయి. కాసేపటికి మితి అదే నెమ్మదైన గొంతుతో ప్రకటించింది. "పద్దెనిమిదో అంతస్తు. చలనపు కళ్లన్నీ నిలిపివేయబడ్డాయి. ఆదేశం, పర్యవేక్షకుడు. మార్కులు అరవై రెండు."

ఝాన్సీ కుర్చీ దిగి, నూకరత్నం చెంప తుడిచి, తరువాతి నంబరు చూసుకుంటూ బయటికి నడిచింది. నడవాలో బృందం ఎదురైంది.

"ముందు ఈ నలభై ఒక్క గదులూ చూద్దాం రండి" అంది వాళ్లతో.